శ్రీబాగ్ నుంచి ఓర్వకల్లు వరకు: రాయలసీమ చరిత్రలో దూరం

మీ అట్లాసులో కర్నూలు, విశాఖపట్టణాల మధ్య స్కేలు పెట్టి కొలవండి. సుమారు 580 కిలోమీటర్లు వస్తుంది. ఆ సరళరేఖ శ్రీశైలం పరిసరాల మీదుగా సాగి కృష్ణ, గోదావరులను దాటుతుంది. రోడ్డుకు ఆ వీలు లేదు. అది విజయవాడ మీదుగా పోవాలి కాబట్టి దూరం దాదాపు 700 కిలోమీటర్లు అవుతుంది.

ఈ దూరం రాజకీయాలనూ నడిపింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తర్వాత వాల్తేరులో స్థిరపడింది. చదువు, ఉద్యోగం, న్యాయస్థానం అన్నీ కోస్తాకే పోతాయన్న భయం సీమ నాయకులలో బలపడింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహంలో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికకు ఈ భయమే నేపథ్యం. విశ్వవిద్యాలయం ఉన్నచోటనే ఉండవచ్చు. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు, ఒకటి కోస్తాకు రావాలి. ఎంపికలో సీమకు ప్రాధాన్యం ఉండాలి. ఆ మాట ప్రకారమే 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. మూడేళ్ల తర్వాత, 1956లో, రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది.

విమానం ఈ దూరాన్ని ఎంతవరకు తగ్గించింది? 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి మార్గాలలో కడప–హైదరాబాదు ఒకటి. కర్నూలుకు సమీపంలోని ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. (ఆయనను 1847లో ఉరితీసిన కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేదని గుర్తుంచుకోండి.) మార్చి 28 నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు సర్వీసులు నడిచాయి.

ఇప్పుడు లెక్క వేయండి. ఇలాంటి మార్గాలలో నడిచే ఏటీఆర్ విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. 580 కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు చాలు. కాని రన్‌వే మీద సాగడం, పైకి లేవడం, దిగడం కలిపితే గంటన్నర దాటుతుంది. టికెట్టు మీద కనిపించేది ఈ రెండో లెక్క. కర్నూలువాసికి ఇది నిజంగా లాభమే. కడపవాసి సంగతి వేరు. రెండు విమానాశ్రయాల మధ్య గగనదూరం 150 కిలోమీటర్ల లోపే అయినా, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఓర్వకల్లు చేరడానికి విమానంలో కూర్చునే సమయం కంటే ఎక్కువే పడుతుంది.

అయితే అసలు చిక్కు వేగంలో లేదు. ఉడాన్ కింద సుమారు గంట ప్రయాణానికి సగం సీట్ల ధరను రూ. 2,500కు పరిమితం చేశారు. అందువల్ల వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్లపాటు భరిస్తుంది. ఆ గడువు తీరాక విమానం నడవాలంటే సీట్లు పూర్తి ధరకు నిండాలి. కరువు జిల్లాలలో అది తేలిక కాదు. కడప నుంచి 2015లో బెంగళూరుకు సర్వీసు మొదలుపెట్టిన ఎయిర్ పెగాసస్ మరుసటి ఏడాదే మూతపడింది. హైదరాబాదు మార్గాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది.