పల్నాటి ఎండలో కాంట్రాస్ట్ మందు

1895లో రోంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న కొద్ది వారాలకే, వియన్నాలో ఒక మృతదేహపు చేతి రక్తనాళాల్లోకి కిరణాలను అడ్డగించే ద్రవాన్ని ఎక్కించి చిత్రం తీశారు. జీవించివున్నవారి దేహాంతర్భాగాలను బాధ లేకుండా చూపగల పదార్థం, అంటే కాంట్రాస్ట్ మందు, కోసం అన్వేషణ అలా ఆరంభమైంది.

ఆ అన్వేషణలో అత్యంత విషాదకరమైన ఘట్టం థోరోట్రాస్ట్‌ది. 1930 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన ఈ థోరియం ద్రావణం రోగిని తక్షణం పెద్దగా బాధించేది కాదు, చిత్రాలూ సుస్పష్టంగా వచ్చేవి. ఆ సౌమ్యతను వైద్యలోకం విశ్వసించింది. కాలేయ ప్లీహాల్లో స్థిరపడి, జీవితాంతం ఆల్ఫా కిరణాలను వెలువరించిన ఆ పదార్థం దశాబ్దాల తరువాత కాలేయ క్యాన్సర్‌గా బయటపడింది. థోరియం రేడియోధార్మికమని ముందే తెలుసు కనుక దీనిని కేవలం అజ్ఞానమనలేము. అంత ఆలస్యంగా ఫలించే విషం నాటి వైద్యుని కంటికి ఆనేది కాదన్నదీ నిజమే.

అయోడిన్ మందుల చరిత్ర ఇంతకంటె ఆశాజనకం. రోగులు పడే మంటకు ద్రావణపు అధిక ద్రవాభిసరణ పీడనం కారణమని గ్రహించిన స్వీడన్ వైద్యుడు టోర్‌స్టెన్ ఆల్‌మెన్ 1960ల చివర నాన్-అయానిక్ (అయాన్లుగా విడిపోని) మందులకు దారి వేశాడు; తీవ్ర ప్రతిచర్యలు గణనీయంగా తగ్గాయి. ఎం.ఆర్.ఐ. కోసం 1988లో ఆమోదం పొందిన గడోలీనియం మందుకూ, మూత్రపిండాలు విఫలమైనవారిలో చర్మం బిగుసుకుపోయే వ్యాధికీ గల సంబంధం మాత్రం 2006లో గాని వెల్లడికాలేదు.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా జిల్లాగా ఏర్పడిన పల్నాడులో ఈ చరిత్రకు స్థానికమైన అర్థం ఉంది. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్నవారికి అయోడిన్ మందువల్ల కలిగే హానిని పూర్వం ఎక్కువగా అంచనా వేశారని ఇటీవలి అధ్యయనాలు సూచిస్తున్నాయి. కనుక అవసరమైన స్కానును భయంతో మానుకోవడం సబబు కాదు. అయితే మండుటెండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు నుంచి, మిరప చేలలో పనిచేసి, నడుము నొప్పికి మాత్రలు మింగే అలవాటున్న మనిషి, స్కానుకు ముందు ఏమీ తినవద్దన్న మాటను నీళ్లు కూడా తాగవద్దన్నట్టు గ్రహించి, గుంటూరు దాకా ఎండిన గొంతుతో ప్రయాణించి వస్తే, అతని మూత్రపిండాలు అప్పటికే ఒత్తిడిలో ఉండవచ్చు. అటువంటివారికి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పూర్వపు అలర్జీల వాకబు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అన్న ప్రశ్న, నీళ్లు ఎంతవరకు తాగవచ్చో తెలుగులో స్పష్టంగా చెప్పడం సూదికి ముందే జరగవలసిన పనులు. గురజాలలోనో మాచర్లలోనో స్కాను రాసే వైద్యుడే వాటిని ఆరంభించవచ్చు.