ఆటో శంకర్

ఆటో శంకర్ (1954 - 1995 ఏప్రిల్ 27) తమిళనాడుకు చెందిన హంతకుడు. ఇతని అసలు పేరు గౌరీశంకర్. 1987, 1988 సంవత్సరాలలో మద్రాసు (ఇప్పటి చెన్నై) నగరంలో ఆరుగురిని హత్య చేసిన నేరానికి ఇతనిని సేలం కేంద్ర కారాగారంలో ఉరితీశారు. జైలులో ఇతడు వ్రాసిన ఆత్మకథపై వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గోప్యత హక్కు, పత్రికా స్వేచ్ఛ విషయాలలో ప్రసిద్ధి చెందింది.

నేపథ్యం

శంకర్ వేలూరు సమీపంలోని కాంగేయనల్లూరులో జన్మించాడు. మద్రాసు చేరి తిరువాన్మియూరు ప్రాంతంలో స్థిరపడ్డాడు. మొదట గోడలకు రంగులు వేసే పని చేసి, తరువాత ఆటోరిక్షా నడిపాడు. ఆ వృత్తి వలననే ఇతనికి ఆటో శంకర్ అనే పేరు వచ్చింది. ఆటోలో దొంగసారా రవాణాతో మొదలుపెట్టి, క్రమంగా వ్యభిచార గృహాల నిర్వహణకు దిగాడు.

హత్యలు

హతులలో ఒక యువతి, ఐదుగురు పురుషులు ఉన్నారు. వీరిలో ముగ్గురు 1988 మే నెలలో హత్యకు గురయ్యారు. శంకర్, అతని అనుచరులు కొన్ని మృతదేహాలను ఇళ్ళలోనే పాతిపెట్టారు, కొన్నింటిని తగులబెట్టారు. ఆ కాలంలో తిరువాన్మియూరు పరిసరాలలో యువతులు అదృశ్యం కావడానికి కూడా ఇతడే కారణమని ప్రచారం జరిగింది. అయితే ఇతనికి మరణశిక్ష పడింది ఈ ఆరు హత్యలకే.

అరెస్టు, విచారణ

కనిపించకుండా పోయినవారి కుటుంబసభ్యుల ఫిర్యాదులతో దర్యాప్తు మొదలై, 1988లో శంకర్ అరెస్టయ్యాడు. ఇళ్ళలో పాతిపెట్టిన అస్థిపంజరాలను వెలికితీశారు. పుర్రెను వ్యక్తి ఛాయాచిత్రంతో పోల్చి చూసే సూపర్ ఇంపొజిషన్ పరీక్ష మృతులను గుర్తించడానికి ఉపయోగపడింది.

1990 ఆగస్టులో శంకర్ మద్రాసు కేంద్ర కారాగారం నుండి తప్పించుకున్నాడు. ఒడిషాలోని రూర్కెలాలో మళ్ళీ పట్టుబడ్డాడు. 1991 మే 31న చెంగల్పట్టు సెషన్స్ కోర్టు మరణశిక్ష విధించింది. 1992లో మద్రాసు హైకోర్టు, 1994 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అతని అప్పీళ్ళను త్రోసిపుచ్చాయి.

ఆత్మకథ వివాదం

శంకర్ జైలులో సుమారు 300 పుటల ఆత్మకథ వ్రాశాడు. కొందరు ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. అధికారులతో తనకు సన్నిహిత సంబంధాలు ఉండేవని అందులో పేర్కొన్నట్లు నక్కీరన్ అనే తమిళ పత్రిక తెలిపింది. ఆ ఆత్మకథను ధారావాహికగా ప్రచురించబోతున్నట్లు ప్రకటించింది. 1994 జూన్‌లో జైళ్ళ శాఖ ఉన్నతాధికారి, అది శంకర్ వ్రాసినది కాదని, ప్రచురించరాదని పత్రికకు లేఖ పంపాడు. పత్రిక సంపాదకుడు ఆర్. రాజగోపాల్ సుప్రీంకోర్టును ఆశ్రయించాడు.

1994 అక్టోబరు 7న జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, జస్టిస్ సుహాస్ సి. సేన్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. తీర్పును వ్రాసిన జీవన్ రెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. తీర్పులోని ముఖ్యాంశాలు:

* రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కు, స్వేచ్ఛలలోనే గోప్యత హక్కు ఇమిడి ఉంది.
* కోర్టు దస్త్రాలవంటి బహిరంగ పత్రాలలో ఉన్న విషయాలను వ్యక్తి అనుమతి లేకుండానే ప్రచురించవచ్చు. అయితే లైంగిక దాడి బాధితురాలి పేరు వెల్లడించరాదు.
* పరువునష్టం భయంతో ప్రభుత్వంగాని, అధికారులుగాని ప్రచురణను ముందుగా నిరోధించలేరు.
* విధి నిర్వహణకు సంబంధించిన వ్రాతలపై అధికారులు నష్టపరిహారం కోరాలంటే, సత్యాన్ని ఏమాత్రం లెక్కచేయక ప్రచురించారని నిరూపించాలి.

దీని ప్రకారం, బహిరంగ పత్రాలలో ఉన్నంతవరకు శంకర్ జీవితకథను అతని అనుమతి లేకుండా కూడా ప్రచురించవచ్చు. అంతకు మించితే అతని గోప్యతకు భంగం కలిగించినట్లు కావచ్చు. అధికారులపై శంకర్ చేసిన ఆరోపణలు నిజమా, కాదా అన్నది ఈ కేసులో తేల్చలేదు.

ఉరి, తదనంతరం

తీర్పు వచ్చిన ఆరు నెలలకు, 1995 ఏప్రిల్ 27న శంకర్‌ను ఉరితీశారు. తమిళనాడులో ఆ తరువాత మరణశిక్ష అమలు కాలేదు. 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం రాజగోపాల్ కేసును కూడా చర్చించింది. మరణశిక్ష పడిన ఖైదీ విషయంలో చెప్పిన సూత్రం ఆ విధంగా పౌరులందరి హక్కుకు సంబంధించిన చర్చలో భాగమైంది.