ఎండుగడ్డి దుమ్ము, నింగిలో బెలూను

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్తే నిమ్స్ వస్తుంది. అలాంటి ఏ పెద్ద ఆస్పత్రిలోనైనా ఆపరేషన్ సామాన్లు ఆటోక్లేవ్‌లోకి వెళ్తాయి. ఒత్తిడిలో ఉన్న ఆవిరి, కనీసం 121 డిగ్రీలు, పావుగంట. నీళ్లు మరిగే 100 డిగ్రీలు ఎందుకు చాలవు? 1870ల్లో లండన్‌లో దీని మీద పెద్ద గొడవే జరిగింది.

మరిగించిన కషాయంలోనూ సూక్ష్మజీవులు కనబడుతున్నాయంటే, జీవం లేనిదాంట్లోంచి జీవం పుట్టినట్టేనని చార్ల్‌టన్ బాస్టియన్ వాదన. జాన్ టిండాల్ ఒప్పుకోలేదు. తన ల్యాబ్‌లో అయిదు నిమిషాలు మరిగిస్తే చాలేది మరి. అయితే 1876 చివర్లో, గంటలు మరిగించినా కషాయాలు పాడవడం మొదలైంది. ఆయన సిద్ధాంతాన్ని కాదు, గదిని అనుమానించాడు. ల్యాబ్‌లోకి తెచ్చిన ఎండుగడ్డి, దాని దుమ్ము! మకాం క్యూ తోటలకి మారిస్తే, అక్కడ పాత పద్ధతే మళ్లీ పనిచేసింది. బగ్ కోడ్‌లో ఉందా, టెస్ట్ మెషీన్‌లో ఉందా అని మేం రోజూ కొట్టుకునేదీ ఇదే.

ఆ గడ్డి బాక్టీరియా స్పోర్లను ఫెర్డినాండ్ కోన్ అదే ఏడాది వర్ణించాడు. స్పోరు గర్భంలో నీరు బాగా తక్కువ, కాల్షియంతో జతకట్టిన డైపికోలినిక్ ఆమ్లం ఎక్కువ. వేడికి తట్టుకునేది అందుకే. టిండాల్ 1877లో కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది: కాసేపు మరిగించి వదిలెయ్యాలి, స్పోరు మొలకెత్తి మెత్తబడ్డాక మళ్లీ మరిగించాలి.

ఆ అనుమానమే 2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లో మళ్లీ ఎదురైంది. టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూను కేంద్రం నుంచి ఇస్రో ప్రయోగం పైకి లేచింది. స్టెరిలైజ్ చేసిన 16 స్టీలు గొట్టాలు 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలిని పట్టుకొచ్చాయి. ఇక్కడి సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ విడివిడిగా పరీక్షించాయి. 2009లో మూడు కొత్త జాతులు ప్రకటించారు. వాటిలో రెండు, ఇస్రోనెన్సిస్, ఆర్యభట్టై, అప్పటి వర్గీకరణలో బాసిల్లస్‌లే. స్పోర్లు కట్టే వంశం.

చిక్కంతా ఇక్కడే. స్పోరు అంత మొండిది కాబట్టి ఆ ఎత్తున బతికిందంటే నమ్మొచ్చు. అంత మొండిది కాబట్టే గొట్టంలో ముందే దాక్కుందేమో అనీ అడగాలి. అంతరిక్ష జీవులన్న హడావిడి జరిగింది గానీ, ఇస్రో మాత్రం అవి భూమికి అవతలివని తేలలేదనే చెప్పింది. నాకు ఆ జాగ్రత్తే ఎక్కువ గౌరవం అనిపిస్తుంది.

ఆర్యభట్టై తర్వాత మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర కూడా దొరికింది. ఇప్పుడు పంటల ఎదుగుదలకి పనికొస్తుందేమో అని పరీక్షిస్తున్నారు.