కంటి నుంచి ఫలకానికి: పరావర్తక దూరదర్శినిలో నాభిస్థానం

1. ఉపోద్ఘాతం:

ఖగోళ ఛాయాచిత్రణ చరిత్రను సాధారణంగా దర్పణాల చరిత్రగా రాస్తుంటారు. దర్పణం వ్యాసం ఎన్ని అంగుళాలు, దాన్ని ఎవరు సానపట్టారు, దానితో ఏ నీహారికను చిత్రించారు అన్న అంశాలకే అందులో ప్రాధాన్యం లభిస్తుంది. దర్పణం పోగుచేసిన కాంతి కేంద్రీకృతమయ్యే చోటును నాభి అంటాం. ఆ నాభి దగ్గరికి ఛాయాచిత్ర ఫలకాన్ని చేర్చడానికి చేసిన శ్రమ మాత్రం పాదసూచికల్లోనే ఉండిపోతుంది. స్వయంగా దూరదర్శినిని నిర్మించుకున్నవారికి అసలు పరీక్ష ఎదురైంది ఆ కొద్దిపాటి దూరంలోనే అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కంటి కోసం ఏర్పడిన అమరిక:

న్యూటన్ 1668లో నిర్మించిన పరావర్తక దూరదర్శినిలో పుటాకార దర్పణం నుంచి వచ్చే కాంతిని ఏటవాలుగా నిలిపిన చదునైన చిన్న అద్దం గొట్టం పక్కకు మళ్లిస్తుంది. అక్కడ అక్షికటకంతో చూడాలి. నాభి గొట్టానికి ఎంత దగ్గరగా ఉంటే చిన్న అద్దం అంత చిన్నదైనా సరిపోతుంది. అది అడ్డుకునే కాంతి కూడా తగ్గుతుంది. అందువల్ల కంటితో చూడటానికి నిర్మించే దూరదర్శినుల్లో నాభి గొట్టానికి సమీపంలోనే ఉంటుంది. కంటికి మేలుచేసిన ఈ పొదుపే తరువాత కెమెరాకు ఆటంకమైంది.

3. డ్రేపర్, కామన్‌ల కృషి:

అమెరికా వైద్యుడు హెన్రీ డ్రేపర్ తన పదిహేనున్నర అంగుళాల దర్పణాన్ని తానే సానపట్టుకున్నాడు. మొదట లోహదర్పణంతో ప్రయత్నించి, అది పగిలిపోయాక వెండిపూత గాజుకు మారాడు. చంద్రుణ్ణి చిత్రించేటప్పుడు మొత్తం దూరదర్శినిని నడపడానికి బదులు, నాభి దగ్గరున్న ఫలకాన్ని మాత్రమే నీటిగడియారం సాయంతో మెల్లగా జరిపే ఏర్పాటు చేసుకున్నాడు. ఈ నిర్మాణ వివరాలను స్మిత్‌సోనియన్ సంస్థ 1864లో ప్రచురించింది.

ఇంగ్లండులో ఈలింగ్‌లోని తన ఇంటి తోటలో 36 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పిన ఆండ్రూ ఐన్స్లీ కామన్ వృత్తిరీత్యా ఇంజనీరు. దర్పణాన్ని జార్జ్ కాల్వర్ తయారుచేయగా, దాన్ని మోసే యంత్రాంగాన్ని కామనే రూపొందించాడు. 1883లో దానితో తీసిన మృగశిర నీహారిక చిత్రానికి మరుసటి ఏడాది రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్వర్ణపతకం లభించింది. ఫలకాన్ని, దాని పక్కనే ఒక అక్షికటకాన్ని ఒకే చట్రంలో బిగించి, రెండు మరల సాయంతో రెండు దిశల్లో జరిపే ఫలకపీఠం కూడా ఆయన కల్పనే. పరిశీలకుడు పక్క నక్షత్రాన్ని చూస్తూ ఫలకాన్ని సరిదిద్దుతుండేవాడు. ఆ దూరదర్శిని 1885లో ఎడ్వర్డ్ క్రాస్లీకి, 1895లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలకు చేరింది. అక్కడ జేమ్స్ కీలర్ 1898 నుంచి దాన్ని మరమ్మతు చేసి, సర్పిల నీహారికలను విరివిగా చిత్రించాడు.

4. ఇంటి దూరదర్శినికి కెమెరా:

1920లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రస్సెల్ పోర్టర్ స్థానికులకు దర్పణ నిర్మాణం నేర్పడంతో ఈ విద్య సామాన్యులలోకి వచ్చింది. కంటి కోసం చేసుకున్న ఆ తరహా దూరదర్శినికి నేటి కెమెరాను తగిలిస్తే పాత సమస్యే తిరిగి ఎదురవుతుంది. డ్రేపర్ ఫలకం నాభి దగ్గర నేరుగా నిలిచేది. అద్దంతో పనిచేసే ఎస్ఎల్ఆర్ కెమెరాలోని గ్రాహకం మాత్రం, సంధానవలయంతో కలిపి, 55 మి.మీ. లోపల ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. దర్పణం వ్యాసం 150 మి.మీ., నాభ్యంతరం 750 మి.మీ. అనుకుందాం. నాభి గొట్టం అక్షం నుంచి 190 మి.మీ. దూరంలో, పూర్తిగా దించిన ఫోకసర్ అంచుకు 20 మి.మీ. పైన ఉందనుకుంటే, కెమెరాకు 35 మి.మీ. తక్కువవుతుంది. సర్దుబాటుకు మరో 5 మి.మీ. కలిపి ప్రధాన దర్పణాన్ని గొట్టంలో 40 మి.మీ. ముందుకు జరిపితే నాభి అంతే దూరం బయటికి వస్తుంది. అయితే చిన్న అద్దం దగ్గర కాంతిశంకువు వెడల్పు 38 నుంచి 46 మి.మీ.కు పెరుగుతుంది. పాత 40 మి.మీ. అద్దాన్నే ఉంచితే 150 మి.మీ. దర్పణం దాదాపు 130 మి.మీ. దర్పణంలా పనిచేస్తుంది, అంటే నాలుగో వంతు కాంతి వృథా. పెద్ద అద్దం పెడితే అడ్డు పెరుగుతుంది. రెండింతల బార్లో కటకం అమర్చితే దర్పణాన్ని కదపనక్కరలేదు కానీ, నీహారికలకు కాంతి సేకరణ కాలం నాలుగింతలవుతుంది.

5. ముగింపు:

కెమెరా దూరదర్శినికి చివర తగిలించే ఉపకరణం మాత్రమే కాదు. అది వచ్చి చేరితే దర్పణం నుంచి చిన్న అద్దం దాకా నిర్మాణమంతటినీ మళ్లీ లెక్కించుకోవలసి ఉంటుంది. డ్రేపర్ జరిపిన ఫలకం, కామన్ కల్పించిన చట్రం, నేడు ఒక ఔత్సాహికుడు 40 మి.మీ. ముందుకు జరిపే దర్పణం ఒకే పరంపరకు చెందినవి. ఆ పరంపరను నమోదు చేయకపోతే చిత్రాలు మిగులుతాయి గానీ, వాటిని సాధ్యం చేసిన చేతిపని చరిత్రకు దక్కదు.