చలిజ్వరం గుట్టు బయటపడింది మన పక్కనే

మన బోయిన్‌పల్లి నుంచి బేగంపేట ఎంతో దూరం లేదు. అక్కడ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. బస్సులో వెళ్తూ మనలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. అది ఎందుకు చరిత్రకెక్కిందో మనవలకు చెప్పవలసిన బాధ్యత మనదే.

చలిజ్వరం మన తరానికి కొత్త కాదు. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, చేదు క్వినైను, డి.డి.టి. కొట్టి గోడమీద తేదీ వేసి వెళ్ళే సిబ్బంది - అన్నీ చూసినవాళ్ళమే. మన తాతల కాలంలో మాత్రం ఈ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. ఇటాలియన్ భాషలో 'మలేరియా' అంటే అర్థం అదే.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో ఆ క్రిమిని చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. దోమల మీద అనుమానం ఉందని లండన్‌లో మాన్సన్ చెప్పగా, సైనిక వైద్యుడు రాస్ 1895లో సికింద్రాబాదు వచ్చి పరిశోధన మొదలుపెట్టాడు. రెండేళ్ళు వేరే జాతుల దోమలను కోసి చూసి విసిగిపోయాడు.

1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిచేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపు గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. రోగుల రక్తంలోని క్రిమిలో ఉండే రేణువులూ అవే! 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. మనుషుల విషయంలో అదే ఏడాది ఇటలీ శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

గమనించవలసింది ఒకటుంది. ఈ దోమ పుట్టుకతో జబ్బు తేదు. జ్వరం ఉన్న మనిషి నుంచే తెచ్చుకుంటుంది. క్రిమి దాని ఒంట్లో పది రోజులో, అంతకన్నా ఎక్కువో పెరుగుతుంది. తరువాతి కాటుతో మన కాలేయానికి, అక్కడి నుంచి ఎర్ర రక్తకణాలకు చేరుతుంది. అందుచేత దోమతెర ఆరోగ్యవంతులకే కాదు, జ్వరంతో పడుకున్నవారికీ కావాలి. పట్నాల్లో మలేరియా దోమ మూతలేని నీళ్ళ ట్యాంకుల్లోనూ గుడ్లు పెడుతుంది. మిద్దెమీద మూత సరిచూడటం మనకు పెద్ద పనేమీ కాదు.

నోబెల్ రాస్‌కు దక్కింది. చెయ్యి చాచి కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కు దక్కింది అణాలే. ఈసారి బేగంపేట మీదుగా వెళ్ళినప్పుడు ఇద్దరినీ తలుచుకుందాం.