గల్లాపెట్టె కాడ మనిషి

మన ఇంటి కథల్లో పెండ్లిళ్లు, పొలాలు, జాతరలు చాలానే రాసుకున్నాం. ఈసారి అంగడి గురించి రాస్తాను. నేను చదివింది కన్నడ మీడియంలో. తెలుగు ఇంట్లో మాటగా వచ్చింది, అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నా. తప్పులుంటే పెద్దవాళ్లు సర్దుకోండి.

పోయిన సంక్రాంతికి ముందు అవ్వను బెంగళూరులో ఒక పెద్ద అంగడికి పిలుచుకొని పోయినాను. బిల్లు వేసేవాళ్ల కాడ క్యూ పొడుగుంది. పక్కన మన బిల్లు మనమే వేసుకునే మిషన్లు ఖాళీగా ఉన్నాయి. సెల్ఫ్ చెకౌట్ అంటారు. నేను బెల్లం, కందిపప్పు స్కాన్ చేస్తా ఉంటే, అవ్వ తన గుడ్డసంచి తెచ్చి మిషన్ పక్క పళ్లెం మీద పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. మిషన్ ఇంగ్లీషులో ఏదో అనింది. అవ్వ చేయి వెనక్కు తీసుకొని, "నేనేమీ ఎత్తుకోలేదప్పా" అనింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ ఏం జరిగిందో నాకు తెలుసు. ఒక్కో వస్తువు బరువు ఎంతో మిషన్‌లో ముందే రాసి ఉంటుంది. స్కాన్ చేసినదాని బరువు, పళ్లెం మీది బరువు సరిపోకపోతే అది ఆగిపోతుంది. ఆ లెక్కన మిషన్ తప్పేమీ చేయలేదు. అయినా ఎనభై ఏండ్ల మనిషి నోట ఆ మాట రావడం నాకు ఇంకా గుచ్చుతానే ఉంది.

ఇంటికి వచ్చేటప్పుడు అవ్వ పాత అంగడి సంగతులు చెప్పింది. ఆమె పుట్టిల్లు బాగేపల్లి పక్క, మెట్టినిల్లు చింతామణి. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా అయ్యేదాకా ఈ ఊర్లన్నీ కోలారు జిల్లానే. అప్పుట్లో కొనేవాళ్లు అంగడి బయట నిలబడాల. లోపలి నుంచి శెట్టి తూచి, పొట్లం కట్టి ఇస్తాడు. రాగులు కొలిచేటప్పుడు ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని "ఆరున్నొకటి" అంటాడు. చివర్లో ఒక పిడికెడు కొసరు. నోటి లెక్క తెలుగు, ఖాతా పుస్తకంలో రాత కన్నడం. మన చింతామణి తాలూకా కైవారం తాతయ్య కూడా గాజులమ్ముకొని బతికినాయనే. ఆయన తెలుగులోనూ చెప్పినాడు, కన్నడంలోనూ చెప్పినాడు. మన పక్క బేరం రెండు భాషలదీ.

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినాయి. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు మాత్రం 19, నాలుగణాలకు 25. ఈ మెలిక పల్లెలో ఎవరికి అర్థమవుతుంది? 1956 చట్టం ప్రకారం 1958 నుంచి కిలో తూకాలు మొదలయినాయి. అంతవరకూ ఊరికో సేరు. అవ్వకు చదువు రాదు. ఈ రెండు మార్పులూ ఆమెకు నేర్పింది అంగడి శెట్టే. నాణేలు చెక్క మీద పరిచి, పదిసార్లు అడిగితే పదిసార్లు చెప్పినాడంట.

శెట్టి చేసిన పని మెల్లమెల్లగా మన చేతికి ఎలా వచ్చిందో చూడండి. 1916 సెప్టెంబరులో అమెరికాలో మెంఫిస్ అనే ఊర్లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే అంగడి తెరిచినాడు. కొనేవాళ్లే లోపలికి పోయి సామాను ఎత్తుకొని వచ్చేది అక్కడ మొదలయింది. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీది బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసినారు. దాంతో ధర గుర్తు పెట్టుకునే పని మిషన్‌కు పోయింది. 1986లో అట్లాంటా దగ్గర స్కాన్ చేసే పని కూడా కొనేవాళ్లకే ఇచ్చి చూసినారు. పని పోలేదు, చేసే మనిషి మారినాడు అంతే.

పాత అంగడి అంతా బంగారం అని చెప్పను. చదువు రానివాళ్ల ఖాతాలో ఒకటికి రెండు రాసినవాళ్లు ఉన్నారు, తూకంలో చేయి వాలించినవాళ్లూ ఉన్నారు. అచ్చు బిల్లు, ప్యాకెట్టు మీద ధర వచ్చినాక ఆ మోసం తగ్గింది. మిషన్ కులం చూడదు, బాకీ గుర్తుచేసి నలుగురిలో తలదించుకునేటట్టు చేయదు. నాలాంటివాళ్లకు రెండు నిమిషాల్లో పనైపోతుంది.

కానీ మిషన్ ఒక్కటే చాలదని వేరే దేశాలవాళ్లకూ తెలిసొచ్చింది. ఇంగ్లండులో బూత్స్ అనే అంగళ్లవాళ్లు 2023లో రెండు చోట్ల తప్ప అన్ని చోట్లా ఇవి తీసేస్తామని చెప్పినారు. నెదర్లాండ్స్‌లో జంబో అనే కంపెనీ 2019లో మాట్లాడుకుంటా నిదానంగా బిల్లు వేయించుకునే కౌంటర్ పెట్టింది. ఒంటరి ముసలివాళ్ల కోసం అది. మన బాగేపల్లిలో ఏ అంగడికి పోయినా అట్లాంటి కౌంటర్ ఉండనే ఉంది, పేరొక్కటే లేదు. 2016లో వచ్చిన యూపీఐ స్టిక్కరు గల్లాపెట్టె మీద అంటించి ఉంటుంది. దాని వెనకాల మాత్రం, "ఏమ్మా, బాగుండావా?" అనే మనిషి ఉంటాడు.

ఆ రోజు బెంగళూరులో మిషన్ ఆగితే వచ్చి కార్డు గీకి సరిచేసింది ఒక చిన్నపిల్ల. కోలారు పక్క అమ్మాయంట. "ఏం కాలేదు అవ్వా, సంచి బరువుకు అట్లయింది" అని తెలుగులో చెప్పింది. అవ్వ అప్పుడు నవ్వింది. మిషన్లు రానీ, నాకేం బాధ లేదు. ఆ పిల్లను మాత్రం తీసేయకూడదు. మిషన్ ఆగినప్పుడు మన మాటలో చెప్పేవాళ్లు ఒకరన్నా అక్కడ ఉండాల.

మీ ఇంట్లో ఇంకా "లాభం, రెండు" అని కొలిచేవాళ్లు ఉంటే, వాళ్ల లెక్క వినిపించుకొని రాసిపెట్టండి. ఏడు కాడ ఏమంటారో తప్పకుండా అడగండి.