గుల్లబారిన ఎముకల మందులు, విరిగిన ఎముక అతుకు

ఎముక దట్టంగా ఉంటే గట్టిగా ఉన్నట్టేనా? కాదని తెలుగు నేల ముందే చూసింది. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. బావినీళ్లు తాగి వెన్ను కొయ్యబారిన మనుషుల ఎక్స్‌రేల్లో ఎముకలు చిక్కగా, తెల్లగా కనిపించాయి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలోనే మోకాళ్లు లోపలికి వంగడాన్నీ, ఎముకలు గుల్లబారడాన్నీ లాన్సెట్ పత్రికలో నమోదు చేశారు.

అదే ఫ్లోరైడ్‌ను పాశ్చాత్య వైద్యులు 1960ల నుంచి గుల్ల ఎముకలకు మందుగా ఇచ్చారు. 1990లో మేయో క్లినిక్ పరిశోధన ఫలితం వచ్చింది: నాలుగేళ్లలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది, మిగతాచోట్ల ఎముకలు విరగడమూ పెరిగింది. ఫ్లోరోసిస్ బారినపడ్డ నల్లగొండలో ఎవరినడిగినా అంతకుముందే చెప్పేవారు.

తర్వాత బిస్ఫాస్ఫోనేట్లు వచ్చాయి. 1995లో అమెరికా అనుమతి పొందిన అలెండ్రోనేట్ వీటిలో ప్రసిద్ధం. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. ఇవి ఎముకను అరగదీసే కణాలను అణుస్తాయి. విరిగిన ఎముక అతకదేమోనన్న సర్జన్ల భయం అక్కడే. విరిగినచోట ముందు మెత్తటి కణుపు కడుతుంది, అది గట్టిపడుతుంది, ఆ తర్వాత అరిగి అసలు ఆకారానికి వస్తుంది. మందు అడ్డొచ్చేది ఎక్కువగా ఈ చివరి దశకే. కణుపు పెద్దదిగా ఉండిపోతుంది, అతుకు మాత్రం సాధారణంగా ఆగదు. 2007లో తుంటి విరిగి ఆపరేషనైన 2,127 మందిపై హొరైజన్ పరిశోధన జరిగింది. 90 రోజుల్లోపు ఇదే కోవకు చెందిన జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించినవారిలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గింది, అతుకు చెప్పుకోదగ్గంత ఆలస్యం కాలేదు. రెండు వారాలు ఆగి ఇస్తే మేలని తర్వాతి విశ్లేషణ తేల్చింది.

బిస్ఫాస్ఫోనేట్లను ఏళ్ల తరబడి వాడిన కొందరిలో మాత్రం, పెద్ద దెబ్బేమీ తగలకుండానే తొడ ఎముక అడ్డంగా విరిగింది. అలా విరిగిన ఎముక కడ్డీ వేసినా నిదానంగా అతుకుతుంది.

ఇక టెరిపరటైడ్ ఎముకను కట్టే మందు. పెన్ను లాంటి సూదితో రోజూ వేసుకోవాలి, ఫ్రిజ్‌లో దాచాలి. మణికట్టు విరిగిన మహిళలపై 2010లో వచ్చిన పరిశోధనలో 20 మైక్రోగ్రాముల మోతాదు అతుకును 9.1 వారాల నుంచి 7.4కు తగ్గించింది. 40 మైక్రోగ్రాములు తీసుకున్నవారికి ఆ లాభం దక్కలేదు.